పువా దవడ

ఊరంతా సులూ బుగ్గలు గిల్లి ముద్దు చేసినంతకాలం తల్లి ఫెతూకి గర్వంగానే ఉండేది. సమోవాలో బొద్దుపిల్లని చూసి మురిసిపోనిది ఎవరు? ఐదో ఏడు వచ్చేసరికి ఆ బుగ్గలు లోపల రాయిలా గట్టిపడ్డాయి. కింది పళ్లు రెండు ఊడిపోయాయి. అపియా ఆసుపత్రిలో దవడలోంచి చిన్న ముక్క తీసి న్యూజిలాండ్ పంపారు. జవాబు రావడానికి ఇంకా పదిరోజులు. క్యాన్సరైతే బిడ్డ దక్కదని ఫెతూకి ముద్ద దిగడం లేదు.

పెద్దమ్మ ఎతెవిసే మాత్రం ఇంటిముందున్న సమాధివైపు చూసింది.

"మా అమ్మ లోపల సరిగ్గా పడుకోలేకపోతోందే. ఏ వేరో మొహానికి అడ్డంపడి ఉంటుంది, అందుకే నీ పిల్ల మొహం పట్టుకుంది. తీసి, కడిగి, నూనె రాసి మళ్లీ పడుకోబెడదాం."

"నాకు భయమేస్తోంది పెద్దమ్మా."

"భయపడితే పిల్లకి తగ్గుతుందా? కొబ్బరినూనె సిద్ధం చెయ్."

తెల్లారగానే మగవాళ్లు సమాధి తెరిచారు. ఎముకలు ఒక్కొక్కటే తెల్లగుడ్డ మీదికి వచ్చాయి. వేరు లేదు, ఏమీ లేదు. ఎతెవిసే మొహం చిన్నబోయింది. కింది దవడ ఫెతూ చేతికి వచ్చింది. రెండు చివర్లా లావుగా, బుడిపెలుగా ఉంది. రోజూ కూతురి మొహంమీద ఆమె వేళ్లకి తగిలేది సరిగ్గా అక్కడే.

"ఇదే జబ్బు! అమ్మమ్మ దీంతోనే పోయిందా? చెప్పు పెద్దమ్మా!"

ఎతెవిసే ఆ ఎముకని తడిమి చూసింది.

"చిన్నప్పుడు అమ్మని బుగ్గల పువా అని ఏడిపించేవాళ్లట. తిండిపోతేమో అనుకుని మేమూ నవ్వేవాళ్లం. పెళ్లినాటికి మొహం పైకి మామూలైపోయిందట."

"అమ్మమ్మ ఎన్నేళ్లకి పోయింది?"

"ఎనభై ఒకటికి. చచ్చిపోయిన ఏడు కూడా చెరుకు నమిలిందే!"

ఫెతూ మళ్లీ చూసింది. మిగిలిన నాలుగు పళ్లూ అరిగి చదునైపోయాయి. ఏళ్ల తరబడి తిన్న నోరు అది. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. ఆసుపత్రివాళ్లు ఏం చెబుతారో తెలియదు, కానీ పదిరోజులు బతకడానికి ఈ పళ్లు చాలు. దవడకి మెల్లగా నూనె రాసి గుడ్డలో చుట్టింది.

చేతులు కడుక్కుని, చాపమీద ఆడుకుంటున్న ఏడాది కొడుకు ఇయోనాని ఎత్తుకుంది. అప్పుడు తట్టింది. అమ్మమ్మ నుంచి సులూకి వచ్చినది అమ్మ మీదుగా, తన మీదుగానే వచ్చింది.

వాడి బుగ్గలు రెండూ నొక్కి చూసింది. మెత్తగానే ఉన్నాయి. వాడు కిలకిలా నవ్వాడు. ఆమె మళ్లీ నొక్కింది.