గైరీబాస్ వాలులో ఆగని ఇంజను

హర్కబీర్ జీపు అతనికన్నా మూడేళ్లే చిన్నది. నాలుగు చక్రాలూ లాగే ఆ పాత డీజిలు బండి తండ్రి నుంచి వచ్చింది. సందక్‌ఫూ శిఖరానికి ఎక్కే రాళ్లదారిలో కొత్త బండ్లు చతికిలబడిన చోట కూడా అది మూలుగుతూనే ఎక్కేది. దాన్ని చూసి భయపడే రోజు వస్తుందని అతనెన్నడూ అనుకోలేదు.

ఆ ఉదయం మేనత్త మనకుమారిని కొండమీది కాలాపోఖ్రీ ఊరి నుంచి కిందికి ఆసుపత్రికి దింపుతున్నాడు. డెబ్బై దాటిన మనిషి, జడలబర్రెల పాకలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. కుదుపులకు కదలకూడదని వెనక పరుపు వేసి, ఆమెను తాళ్లతో కట్టి పడుకోబెట్టాడు.

దారిలో వచ్చే గైరీబాస్ ఊరు ఇంకా రెండు మలుపుల దూరం ఉందనగా, పెడలు మీద కాలు లేకుండానే ఇంజను మోత పెరిగింది. బండి వాలులోకి ఉరికింది. క్లచ్ తొక్కితే చక్రాలను వదిలేసిన ఇంజను ఇంకా పైకి అరిచింది. తాళంచెవి పీకేశాడు. ఆగలేదు. వెనక తెల్లటి పొగ మంచులో కలిసి దారిని మింగేసింది.

అతనికి అర్థమైంది. ఇంజను తన కందెన ఆయిలునే తాగి మండిస్తోంది. ఇక డీజిలు ఆపినా ఒకటే, ఆపకపోయినా ఒకటే. కొండ కింది మానేభంజాంగ్‌లో ఒక డ్రైవరుకు ఇలాగే ఇంజను పగిలి ఇనపముక్క మెడలో దిగింది. ఆ పాడె మోసినవాళ్లలో తనూ ఒకడు.

కుడివైపు లోయ. సీట్లోంచి లేచి నిలబడి బ్రేకు తొక్కి, బండిని ఎడమ గట్టుకు రాసుకునేలా నడిపి ఆపాడు. పై గేరు వేసి క్లచ్ వదిలితే ఇంజను భారం మోయలేక ఆగిపోతుందనుకున్నాడు. అరిగిన క్లచ్ జారింది, కాలిన కంపు కొట్టింది, అంతే. గేరు తీసి, చేతిబ్రేకు లాగి, తలుపు తోసుకుని దూకాడు.

దూకి, పరుగెత్తాడు.

బండరాయి చాటుకు చేరాక గాని తనేం చేశాడో తెలియలేదు. ఆ హోరులో అత్త పిలిచినా వినపడదు. ఆమెను కట్టిన ముడులు తను వేసినవే. వాటిని విప్పేంత వ్యవధి లేదు.

వెనక్కి వచ్చాడు. కాళ్లు వద్దంటుంటే వచ్చాడు. కాళ్లకింద పరిచే రబ్బరు పట్టా లాక్కుని బానెట్ ఎత్తాడు. వేడి ముఖాన కొట్టింది. గాలి అందకపోతే ఏ ఇంజనూ మండదు. గాలి పీల్చే గొట్టాన్ని ఊడబీకి, పట్టాను రెండు మడతలు పెట్టి ఇంజను వైపు మూతికి అదిమాడు. ఇంజను పట్టాతో పాటు అతని చేతుల్నీ లోపలికి గుంజింది. కళ్లు గట్టిగా మూసుకుని, మెడ భుజాల్లోకి ముడుచుకుని, వదలకుండా నిలబడ్డాడు. మోత తగ్గింది, ఎక్కిళ్లు పెట్టింది, ఆగింది.

హర్కబీర్ మట్టిలో కూలబడ్డాడు. ప్యాంటు తడిసిన సంగతి అప్పుడు తెలిసింది.

లోపలినుంచి అత్త మెల్లగా అడిగింది. "ఎంత దూరం పోయావురా?"

"ఆ రాయి దాకా, అత్తా."

"నాకు కాళ్లుంటే నీకంటే ముందే పోయేదాన్ని. ఆ తాళ్లు కాస్త వదులు చెయ్యి, ఊపిరాడట్లేదు."

చప్పుడు విని గైరీబాస్ నుంచి నలుగురు పరుగున వచ్చారు. ఏం జరిగిందని అడిగితే ఆమే చెప్పింది, మేనల్లుడు ఇంజను మూతి మూసి ఆపాడని. రాయి సంగతి ఎత్తలేదు.

ఆమెను పరుపుతో సహా మోసుకెళ్లి వేరే జీపులోకి ఎక్కించారు. ముందు సీట్లో కూర్చోమని డ్రైవరు ఎంత చెప్పినా హర్కబీర్ వినలేదు. మానేభంజాంగ్ దాకా వెనక అత్త చెయ్యి పట్టుకునే కూర్చున్నాడు. ఇంజను మోత మారిన ప్రతిసారీ అతని వేళ్లు బిగుసుకున్నాయి. ఆమె పట్టుకోనిచ్చింది.