చెవిలో చెప్పిన ఒకే నిజం

నా నోరు మంచిది కాదు. ఆటోనగర్‌లో మేం కుస్తీ నేర్చుకునే షెడ్డులో ఆ సంగతి అందరికీ తెలుసు.

మాది కొరియా కుస్తీ, సిరుమ్ అంటారు. ఇసుకలో ఇద్దరూ ఎదురెదురుగా మోకాళ్ళ మీద కూర్చోవాలి. ఒకరి నడుముకీ తొడకీ కట్టిన గుడ్డపట్టాను ఇంకొకరు పట్టుకుని, భుజం మీద గడ్డం ఆనించి, అలాగే పైకి లేవాలి. విజిల్ పడ్డాకే పడెయ్యడం. అవతలి పిల్ల వెనక ఏముందో తనకి కనపడదు, నాకు కనపడుతుంది. నా నోరు సరిగ్గా దాని చెవి దగ్గరుంటుంది. ఇంకేం కావాలి నాకు? "నీ పట్టా ఊడిపోతందే" అనేదాన్ని. "మీ అమ్మ కళ్ళు తిరిగి పడిపోయిందే అక్కడ" అనేదాన్ని. పిల్ల ఉలిక్కిపడేది, నేను ఎత్తి పడేసేదాన్ని. విజిల్ వేసే దేవీప్రసాద్ మాస్టారికి ఏమీ వినపడేది కాదు. తగరపువలస పిల్లలైతే నాతో పోటీ అంటే చెవుల్లో దూది పెట్టుకొచ్చేవాళ్ళు.

నా విద్యలన్నీ దగ్గరుండి చూసింది సనోబర్. నాతోపాటే నేర్చుకుంది, నా క్యారేజీలోనే తింది. వాళ్ళ నాన్న జిలానీ బాషా పాత పట్టణంలో పరుపులు కుడతాడు. కూతురు ఇసుకలో దొర్లుతుంటే కంటితో చూడనని అన్నదమ్ముల ముందు ఒట్టేసుకున్నాడు. ఆపలేదు, రానూ లేదు. ఇదేమో ప్రతి పోటీలోనూ గేటు వైపే చూసేది. "ఒక్కసారొచ్చి సూస్తే సాలే, ఇంకేటీ అక్కర్లేదు నాకు" అని ఏడ్చేది. విని విని నాకు చిరాకొచ్చేది.

కొరియా వెళ్ళే జట్టులో ఒక్క చోటు మిగిలింది. దానికి ఆఖరి పోటీ మా ఇద్దరికే పడింది. పట్టు పట్టి, గడ్డం ఆనించి, కళ్ళెత్తి చూద్దును కదా, సనోబర్ వీపు వెనక, గేటు దగ్గర జిలానీ బాషా! గడ్డానికి దూది అంటుకుని ఉంది. పని మధ్యలో లేచి వచ్చేసినట్టున్నాడు.

నిజం చెప్తున్నా, పోటీ సంగతే మర్చిపోయాను. "వొసే, మీ నాన్నొచ్చేడే! ఎనకాల, గేటు కాడ!" అన్నాను.

"నీ నోరు పడిపోను! నాతో కూడానేటే?" అంది సనోబర్. "ఆ మాటే దొరికిందేటే నీకు?"

విజిల్ పడింది. పరుపు ఎత్తినట్టు ఎత్తి ఇసుకలో వేసింది నన్ను. అక్కడితో పోటీ అయిపోయింది, ఆగాలి. ఆగలేదు. ఒంటి బరువంతా వేసి నా భుజం మీద పడింది. మెడ కింద ఎముక పుటుక్కుమంది. గెలిచినవాళ్ళు పడ్డవాళ్ళకి చెయ్యిచ్చి లేపడం మా ఆటలో మర్యాద. అది లేపలేదు, నా మొహం పక్కన ఉమ్మింది. ఆ తర్వాత తిరిగి చూసింది. గేటు దగ్గర ఎవరూ లేరు.

మర్నాడు పొద్దున్నే జిలానీ బాషా ఖర్జూరాలు పట్టుకుని ఆసుపత్రికొచ్చాడు.

"సూసేనమ్మా. నా బిడ్డ పులమ్మా, పులి!" కళ్ళు తుడుచుకున్నాడు. "ఒట్టేసుకున్నోడిని, ఇంట్లో నోరిప్పలేను. నువ్వు సెప్పమ్మా దానికి, నాన్న వచ్చి సూసేడని. నువ్వు సెప్తే నమ్ముద్ది."

నా భుజం ఎలా ఉందని అడగలేదు ఆ పెద్దమనిషి. మనిషన్నాక ఒక్క మాట అడగాలా, వద్దా?

సాయంత్రం సనోబర్ వచ్చింది, జట్టు కోటు తొడుక్కుని. ఇక నేను ఇసుకలో దిగకూడదని డాక్టరు చెప్పిన సంగతి దానికి తెలుసు. చాలాసేపు నా కట్టునే చూసింది.

"కేథరిన్, నీ ప్రభువు మీద ఒట్టేసి సెప్పవే. నిజంగా వచ్చేడేటే?"

దాని మొహం చూస్తే జాలేసింది. చెప్పేద్దామనే లేవబోయాను. ఎముక కలుక్కుమని ప్రాణం పోయినంత పనైంది.

"ఇలా రా" అన్నాను. వంగింది. దాని చెవి మళ్ళీ నా నోటి దగ్గరికొచ్చింది.

"రాలేదే. నిన్ను పడగొట్టడానికి అలా అన్నాను."

ఈసారి నమ్మింది. తలగడ పక్కనున్న పొట్లంలోంచి ఒక ఖర్జూరం తీసి దాని చేతిలో పెట్టాను. ఏడుస్తూనే తింది.