అవ్వ ఇచ్చిన రంగు

పాట మొదలయ్యాక నర్సవ్వ చిక్కుడుకాయలు తుంచడం ఆపేసింది.

మనుమరాలు దీవెన ఫోన్లో పాడుతున్నది అమెరికా నల్లజాతి గాయని. మొదట తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు సన్నగా ఎత్తుకుంది. పోనుపోను గొంతు ఒళ్లు విరుచుకుంది. ఆమె ఒక మాట అని ఆగితే వెనకున్న ఆడవాళ్లు అందుకుంటున్నారు, అచ్చం నాట్లేసేటప్పటిలాగే.

"ఏమంటున్నదే గామె?"

"నా నలుపు మా అమ్మ ఇచ్చింది, ఎవల దగ్గర అడుక్కొచ్చుకున్నది కాదు అంటున్నది అవ్వా. దీన్ని సోల్ మ్యూజిక్ అంటరు."

"ఆడ గూడ ఉన్నదా గీ లొల్లి?"

"ఎందుకు లేదు? నల్లోల్లను బస్సుల ముందటి సీట్ల కూసోనియ్యకపోదురట."

నర్సవ్వకు అంతకన్నా వివరం అక్కర్లేదు. చెరుకు కొట్టిన రోజుల్లో ఆమె దోసిలి పడితే పై నుంచి నీళ్లు పోసేవారు. పేరుకు ముందు 'కర్రి' తగిలించి పిలిచేవారు.

"ఏడుస్తలేదు సూడు గామె. గల్ల పట్టి అడుగుతున్నది. మల్లొక్కసారి పెట్టు," అంది.

దీవెనకు నలుపు, వెడల్పు ముక్కు నర్సవ్వ నుంచే వచ్చాయి. వాళ్ల ఊరు మోస్రాలో చర్చి పాటల బృందంలో చాన్నాళ్లుగా దీవెనది వెనక వరుస. ముందుకు రమ్మని ఎవరూ అనలేదు, తానూ పోలేదు. ఈసారి కోతల పండుగకు ఒక్కదాన్నే పాడమన్నారు. రోడ్డు మీద ఆమె ఫొటోతో ఫ్లెక్సీ కూడా కడతారట.

ఫ్లెక్సీ చూసుకోవడానికి ఇద్దరూ బోధన్‌లో సురేందర్ దుకాణానికి వెళ్లారు. కంప్యూటర్ మీద పాలల్లో ముంచి తీసినట్టున్న పిల్ల నవ్వుతోంది.

"ఎట్లున్నది చెల్లే? తెల్లగ చేసినందుకు అలగ్ పైసల్ తీస్కోను," అన్నాడు సురేందర్ మురిపెంగా.

నర్సవ్వ కళ్లద్దాలు సవరించుకుంది. "మంచిగున్నది పోరి. ఎవల బిడ్డ?"

"నేనే అవ్వా."

నర్సవ్వ తెర దగ్గరికి వంగి చూసింది. చెయ్యి దానంతటదే తన ముక్కు మీదికి పోయింది. "మరి నేనేడికి పోయిన్నే?" అంది.

దీవెన తెర మీది ఆ తెల్ల ముఖాన్ని మళ్లీ చూసింది. ఈ ముఖం పెట్టుకుని ముందుకొస్తే తాను ఇంకా వెనక వరుసలో నిలబడ్డట్టే.

"సురేందరన్నా, నా రంగు నాకియ్యి. ముక్కు గూడ."

"అరె, నల్లగ కొడితే మీ పెద్దమనుషులు నన్ను తిడ్తరు. అందరికి గిట్లనే చేస్త నేను."

"నీ బోర్డు మీదున్నది నువ్వేనా అన్నా? నీ తమ్ముడనుకున్న."

"తమ్ముడు కాదే, కొత్తల్లుడు," అందుకుంది నర్సవ్వ. "అత్తగారు మీగడ పూసి తోలిండ్రు."

దుకాణం బోర్డు మీద సురేందర్ సున్నం కొట్టిన గోడలా మెరిసిపోతున్నాడు. అటొక దొంగచూపు చూసి నవ్వేశాడు. "తిడితే నీ పేరే చెప్త," అంటూ మౌస్ పట్టాడు.

"చెప్పు. పేరు పక్కన ఫొటో గూడ ఉంటది గదా."

నలుపు మెల్లగా తిరిగొచ్చింది. ముక్కు వెడల్పయింది.

"ఇగో, ఇప్పుడొచ్చిన," అంది నర్సవ్వ.

పండుగనాడు కొత్త వడ్లు, గుమ్మడికాయలు, చెరుకుగడల కుప్పల ముందు దీవెన నిలబడింది. పాడింది తెలుగు కీర్తనే. ఆ గాయని గొంతును అనుకరించలేదు. ఆమె దగ్గర నేర్చుకున్నది నిలబడే తీరు: తొందర లేకుండా, ఎవరి సెలవూ అడగకుండా. సన్నగా ఎత్తుకుంది. చరణం చివర కావాలనే ఆగింది. ఆడవాళ్ల వైపు నుంచి నర్సవ్వ బొంగురు గొంతు ఆ మాటను అందుకుంది. తర్వాత పక్కనున్న సత్తవ్వ. తర్వాత అందరూ.

మర్నాడు పొద్దున పనికి పోతూ దీవెన ఆటో ఎక్కింది. డ్రైవర్ వెంకటి అద్దంలోంచి ఒకటికి రెండుసార్లు చూశాడు.

"అక్కా, గా మూలమీది ఫ్లెక్సీల నువ్వే గదా?"

"ఎట్ల గుర్తుపట్టినవ్?"

"గుర్తుపట్టుడేంది? నీ లెక్కనే ఉన్నవ్ గదా!"