ఎదురు కొట్టు కొత్త సాఫ్ట్‌వేరు

మొదట నా చేతిలో ఉన్నవి తాళాలు, తలుపు బందులు అమ్మే కొట్టు, పన్నెండేళ్ల కంప్యూటరు, దాంతోపాటే వచ్చిన ఆఫీసు సాఫ్ట్‌వేరు, అందులో మా ఆవిడ కట్టిన ధరల పట్టిక. రోడ్డుకి అవతల అదే సరుకుతో మా తోడల్లుడి కొట్టు. దాన్ని ఏ పద్దులో రాయాలో నాకెప్పుడూ తేలలేదు.

ఆ నెల అతను కొత్త సాఫ్ట్‌వేరు పెట్టించి, చూడమని పిలిచాడు.

"చూడన్నయ్యా, ధర పక్కనే తాళం బొమ్మ! నీదింకా ఆ పాతదేనా? మ్యూజియం వాళ్లెవరూ అడగలేదూ?"

నవ్వాను. నవ్వుతూనే ఆ సాఫ్ట్‌వేరు పేరు గుర్తుపెట్టుకున్నాను.

ఊరి చివర మూడు వందల గదుల హాస్టలు కడుతున్నారు. తాళాలన్నీ ఒకే కొట్లో కొంటారట. కొటేషన్లు శనివారం పదకొండు లోపు చేరాలి. అతని బొమ్మల పక్కన నా కొటేషన్ పెళ్లికి మాసిన చొక్కాతో వెళ్లినట్టుంటుంది.

"పాతదానికేమొచ్చింది? లెక్క తప్పట్లేదుగా" అంది మా ఆవిడ. "మీక్కావలసింది సాఫ్ట్‌వేరా, మరిదిగారి మొహం మాడ్చడమా?"

"రెండూ."

"అయితే పాతది నా బల్ల మీంచి కదిపారంటే ఊరుకోను."

కొత్త సాఫ్ట్‌వేరు పాత కంప్యూటర్లో నడవదన్నాడు మెకానిక్కు. కొత్త కంప్యూటరే కొన్నాను. రెండ్రోజులు కూర్చుని, అతని బొమ్మలకి రెట్టింపు బొమ్మలు పెట్టి, శుక్రవారం కొటేషన్ పంపేశాను. సాయంత్రమంతా గుమ్మంలో నిలబడి ఎదురు కొట్టుకేసి చూసి మురిసిపోయాను.

శనివారం పదింటికి హాస్టలు గుమాస్తా ఫోన్ చేశాడు.

"మీ ఫైలు తెరుచుకోవట్లేదండీ. మా కంప్యూటరు బాగా ముసలిది. మీ తోడల్లుడిగారిదీ ఇంతే. ఆయన ఫోన్ ఎత్తట్లేదు. మీరు పాత సాఫ్ట్‌వేరులో చేసి పంపండి. ఆయన కొట్టు మీకెదురే కదా, అలాగే పంపమని ఒక్క మాట చెప్పండి."

మా ఆవిడ తన పాత కంప్యూటర్లోంచి, బొమ్మల్లేకుండా, అవే ధరలు అయిదు నిమిషాల్లో పంపింది.

నేను గుమ్మంలోకి వచ్చాను. అవతల అతను స్టూలెక్కి, ఇటు వీపు పెట్టి, అరలో డబ్బాలు సర్దుతున్నాడు. ఒక్క కేక వేస్తే చాలు. మ్యూజియం మాట చెవుల్లో మోగింది. లోపలికొచ్చేశాను.

"చెప్పారా?" అంది మా ఆవిడ.

"ఆఁ."

పదకొండు దాటింది. మధ్యాహ్నానికి ఆర్డరు మాకే వచ్చింది.

సాయంత్రం అతను వచ్చి చెయ్యి కలిపాడు.

"నీ పాత డబ్బాయే గెలిచిందన్నయ్యా! నా ఫైలు తెరుచుకోలేదట. ఫోనేమో ఛార్జింగ్‌లో పెట్టి మర్చిపోయాను."

"అదేంటి మరిదిగారూ," అంది మా ఆవిడ బల్ల దగ్గర్నుంచి, "పొద్దున ఈయనొచ్చి చెప్పారుగా?"

అతను నాకేసి చూశాడు. నేను ఆర్డరు కాగితంకేసి చూశాను.

"ఆఁ, చెప్పాడొదినా. పనిలో పడి నేనే పట్టించుకోలేదు" అని, నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

చివరికి నాకు మిగిలింది చెబుతాను. మూడు వందల తాళాల ఆర్డరు వచ్చింది. మా ఆవిడ ముట్టని కొత్త కంప్యూటరు ఒకటి మూలనుంది. కుళ్లు తగ్గలేదు సరికదా, పెరిగింది. అప్పటిదాకా అతని సాఫ్ట్‌వేరు చూసి ఏడ్చాను. అది డబ్బు పెడితే దొరికింది. ఆ సాయంత్రం అతను నా పరువు నిలబెట్టిన తీరు ఏ కొట్లో అమ్ముతారో ఇంకా వెతుకుతున్నాను.