దోసెడు తవుడు

ఎర్రగుట్ట చౌడమ్మకు మొక్కు తీర్చే రోజు వచ్చినా ఈశ్వరప్ప కదల్లేదు. వసారాలో గోడకు ఆనుకొని బీడీ కాలుస్తా కూర్చున్నాడు. లోపల ఆయన భార్య నాగలక్ష్మమ్మ మనవరాలికి నీళ్లు పోసి, మెత్తటి పాత చీరగుడ్డతో తల తుడుస్తాంది.

"నువ్వు పోయిరా. ఆయమ్మ మొగం నేను చూసేది లేదు," అన్నాడు.

"మొక్కుకున్నది నేను కాదు, నువ్వు కాదు. మన సుష్మ. దేవతకు మాటిచ్చి పోయింది బిడ్డ. ఆ మాటను అట్లే ఇడిసిపెడితే దానికి యాడ శాంతి?"

సుష్మ వాళ్లకు ఒక్కతే కూతురు. రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే రాఘవేంద్రకిచ్చి చేసినారు. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. రెండోదీ అంతే. మూడోసారి నీళ్లు పోసుకున్నప్పుడు మొగుణ్ణి ఎంటబెట్టుకొని ఎర్రగుట్ట ఎక్కింది. "ఈ బిడ్డను బతికించు తల్లీ. నీ కాళ్లకాడ పండబెట్టి, తవుడు పోసి కొనుక్కుంటా. నీ పేరే పెట్టుకుంటా," అని మొక్కుకుంది. పిల్లలు పుట్టి నిలవని ఇండ్లలో ఆ పక్క జనం మొక్కే మొక్కే అది. బిడ్డను దేవతకు ఇచ్చేసి, మళ్లా ఆమె దగ్గర దోసెడు తవుడుకు కొనుక్కుంటే, అంత చౌక బిడ్డ మీద ఏ చెడుకన్నూ పడదని నమ్మకం.

కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఇల్లెగిరిపోయేటట్టు ఏడ్చింది. సుష్మకు మాత్రం నెత్తురు ఆగలేదు. జీపులో ఏసుకొని కదిరికి పరిగెత్తినారు. దారిలోనే, నాయన తొడ మీద తల పెట్టుకొని పోయింది.

"నాయనా, పాప ఏడుస్తాందా?" అని అడిగింది కడాకు.

పాప ఇంటికాడ నాగలక్ష్మమ్మ చేతుల్లో ఉంది. అయినా ఈశ్వరప్ప, "ఏడుస్తాందమ్మా, బాగా ఏడుస్తాంది," అన్నాడు. ఆ మాటకు సుష్మ నవ్వింది. అంతే.

అప్పట్నుంచి ఆయన ఏ గుడి గడపా తొక్కలేదు.

పాపను మేకపాలతో, రాగిజావతో సాకినారు. కానీ ఆ ఏడు చెనిక్కాయ చెట్లు ఊడ దిగి కాయ పట్టే పొద్దుకు వాన మొగం చాటేసింది. అంతకు ముందేడూ అదే కత. ఎద్దులు పోయినాయి. బోరు ఎండిపోయింది. ఊర్లో ఇంటింటికీ తాళాలు పడినాయి, జనమంతా బెంగళూరులో ఇటుకలు మోస్తాండారు. వీళ్లకూ అదే దారి అయింది. కూలీలను తీసుకపోయే మేస్త్రీ గంగాధరప్ప మాత్రం ఒక మాట కరాఖండిగా చెప్పినాడు.

"చంటిబిడ్డతో వద్దన్నా. రేకుల కింద కాపురం. ఎటు చూసినా గుంతలు, ఇనుప చువ్వలు. నువ్వు పని చేస్తావా, బిడ్డను చూసుకుంటావా?"

రాఘవేంద్ర మళ్లా పెండ్లి చేసుకున్నాడు. కొత్త పెండ్లాం పేరు పద్మప్రియ. "పాపను మాకియ్యి మామా, మేం సాకుతాం," అని అతను వచ్చినప్పుడల్లా అడుగుతానే ఉన్నాడు. కడాకు ఈశ్వరప్ప సరేనన్నాడు. గుట్టకాడ కలుసుకొని, మొక్కు తీర్చి, ఆడనుంచే బిడ్డను పంపించేటట్టు మాటయింది. అందుకే మొక్కు పొద్దున ఆయన వసారాలోనుంచి లేవలేదు.

నాగలక్ష్మమ్మ బిడ్డను భుజానేసుకొని, సంచి పట్టుకొని వాకిలి దాటింది. పాప ఆమె భుజం మీదనుంచి వెనక్కి చూసి చేయి చాపింది. "తా... తా..."

ఈశ్వరప్ప బీడీ పారేసినాడు. టవలు దులిపి భుజాన ఏసుకొని ఎనకాలే నడిచినాడు.

కదిరిలో ఒక బస్సు, అనంతపురంలో ఇంకొక బస్సు మారి, ఎర్రగుట్ట కాడ దిగేటప్పటికి ఎండ నడినెత్తికి వచ్చింది. టెంకాయల అంగడి ముందర రాఘవేంద్ర, పద్మప్రియ కాచుకొని ఉన్నారు. పద్మప్రియ వంగి ఇద్దరి కాళ్లకూ మొక్కింది. ఈశ్వరప్ప తలూపినాడు. నాగలక్ష్మమ్మ ఆ పిల్ల వైపు చూడనే లేదు. పద్మప్రియ బిస్కెట్టు ఇయ్యబోతే పాప తాత మెడను గట్టిగా కరచుకుంది.

"కొత్త గదా," అన్నాడు రాఘవేంద్ర, ఎవరికో సర్ది చెప్పినట్టు.

మెట్లన్నీ ఈశ్వరప్పే బిడ్డను ఎత్తుకొని ఎక్కినాడు. గుడి వాకిలి కాడికి పోయి నిలబడిపోయినాడు. "ఇంద, పట్టుకో. నేను ఈడే ఉంటా," అని బిడ్డను భార్యకు ఇయ్యబోయినాడు. పాప ఆయన అంగీ పట్టుకొని ఇడవలేదు. లాగితే కీచుమని అరిచింది. గుక్క తిప్పుకోలేక మొగం కమిలిపోయింది. ఇంక చేసేదేం లేక ఆయన తల వంచుకొని లోపలికి పోయినాడు.

గుడి చిన్నది. పసుపు, వేపాకు, కాలిన నూనె వాసన. చౌడమ్మకు పూజ చేసేది నల్లమ్మ అనే ముసలామె. రాతి గద్దె ముందర వేపమండలు పరిచి, బిడ్డను పండబెట్టమంది. పండబెట్టినారు. పాప దేవత వెండికండ్లను చూస్తా నోట్లో వేలు పెట్టుకుంది.

"తల్లెవురు? తవుడు తీసుకొని ముందరికి రా," అంది నల్లమ్మ.

రాఘవేంద్ర నేల చూపులు చూసినాడు.

"తల్లిని ఈయమ్మే తీసుకపాయ," అన్నాడు ఈశ్వరప్ప. "యాడ పెట్టిందో ఆమెనే అడుగు."

"ఏమయ్యా, ఊరుకో," అని నాగలక్ష్మమ్మ చేయి పట్టుకుంది. ఆయన ఇడిపించుకున్నాడు. ఏడాది పొడుగునా గొంతులో పెట్టుకున్నదంతా బయటికి వచ్చింది.

"నా బిడ్డ ఈడికొచ్చి అడుక్కున్న్యాది గదా నిన్ను! పాప బతకల్లని అడిగింది. నేనూ బతకల్ల అని అడగడం దానికి తెలీకపాయ. అడగకపోతే ఇయ్యవా? తల్లివి గదా, నీకు తెల్దా?"

గుడి గోడలకు తగిలి ఆ మాట మళ్లా ఆయన మీదికే వచ్చింది. పక్కనున్న స్తంభం పట్టుకున్నాడు. దేవతను తిట్టినందుకు నల్లమ్మ కసురుకుంటుందని అందరూ అనుకున్నారు. ఆమె కసురుకోలేదు.

"నేనూ అడిగినానప్పా," అంది నెమ్మదిగా. "ఎదిగొచ్చిన నా కొడుకు పోయినప్పుడు ఈడే, నువ్వు నిలబడిన తావులోనే నిలబడి అడిగితి. ఏమీ చెప్పలేదు. పొద్దున్నే లేచి దీపం ఎలిగిస్తాండా. అంతకంటే నాకేం తెల్దు."

ఈశ్వరప్ప టవలు మొగానికి అడ్డం పెట్టుకున్నాడు. రాఘవేంద్ర దగ్గరికి వచ్చి, "మామా," అని భుజం మీద చేయేసి, తనూ ఏడ్చేసినాడు.

నల్లమ్మ మళ్లా అడిగింది. "సాకేది ఎవురు? వాళ్లే కొంగు పట్టల్ల."

తవుడు మూట నాగలక్ష్మమ్మ దగ్గరే ఉంది. విప్పి దోసిట్లో పోసుకుంది. కొంగు జాడించి ముందరికి ఒక అడుగు ఏసి, ఆగిపోయింది. ఎనకనుంచి పద్మప్రియ గొంతు వినిపించింది.

"నువ్వే పట్టు పెద్దమ్మా. నేను ఎనక నిలబడతా."

నాగలక్ష్మమ్మ అప్పుడు తిరిగి ఆ పిల్లను చూసింది. సుష్మ ఈడు పిల్ల. భయంతో చేతులు నలుపుకుంటాంది. గోళ్ల సందుల్లో జీన్సు గుడ్డ నీలం. సుష్మ వేళ్లకూ అదే నీలం ఉండేది, పండగకు ఇంటికొస్తే ఎంత తోమినా పొయ్యేది కాదు.

"నేను పట్టినానంటే ఇంక ఇయ్యలేనమ్మా," అంది నాగలక్ష్మమ్మ. "రా. నువ్వే పట్టు."

తవుడు పద్మప్రియ దోసిట్లోకి పోసింది. సగం కింద పడిపోయింది. పద్మప్రియ ఉన్నదాన్ని గద్దె మీద పోసి, మోకాళ్ల మీద కూర్చొని కొంగు చాపింది. నల్లమ్మ బిడ్డను ఎత్తి ఆ కొంగులో ఏసి, చెవిలో "చౌడేశ్వరీ" అని పిలిచింది. పాప బిక్కమొగంతో చుట్టూ చూసి, అవ్వ కోసం చేతులు చాపి ఏడుపు అందుకుంది. నాగలక్ష్మమ్మ బయటికి పరిగెత్తి, బిడ్డకు కనపడకుండా ఒక బండ చాటున కూలబడిపోయింది. ఎంతసేపు పిలిచినా రాలేదు.

దిగేటప్పుడు మాత్రం పద్మప్రియ పక్కనే నడిచింది. "జావ పల్చగా కాంచు. ఉప్పు రవ్వంతే ఎయ్యి. నిద్దరొస్తే మన చెవి పట్టుకుంటాది. పట్టుకోనీ, ఇడిపించొద్దు. జొరమొస్తే భయపడొద్దు, తడిగుడ్డ..." చెప్పిందే చెప్పింది. పద్మప్రియ అన్నిటికీ "సరే పెద్దమ్మా" అంటా వచ్చింది.

రాయదుర్గం బస్సు ముందర వచ్చింది. బిడ్డ ఏడుస్తాదని, అది చూడాల్సొస్తాదని, నాగలక్ష్మమ్మ గుండె రాయి చేసుకొని నిలబడింది. కానీ ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన పాప అప్పటికే నిద్రపోయింది. పద్మప్రియ చెవి ఆ చిన్న పిడికిట్లో ఉంది. బస్సు కదిలింది. రాఘవేంద్ర కిటికీలోనుంచి చేతులు జోడించినాడు.

"ఏడవను గూడా లేదు సూడు," అంది నాగలక్ష్మమ్మ. ఈశ్వరప్ప ఆమెను పట్టుకొని రోడ్డు పక్కన కూర్చోబెట్టినాడు.

ఆ వారమే బెంగళూరు పోయినారు. ఏడాది ఇసుక మోసినారు, కంకర మోసినారు. ఆషాఢంలో ఊరికి వస్తా, ముందు రాయదుర్గం పోయినారు. పాప నడుస్తాంది, మాట్లాడతాంది. వీళ్లను చూసి పద్మప్రియ కుచ్చిళ్ల ఎనక దాక్కుంది.

"అవ్వమ్మా. పో, అవ్వకాడికి పో," అని పద్మప్రియ ఎంత బతిమాలినా రాలేదు. "ఎవురమ్మా?" అని అడిగింది. నాగలక్ష్మమ్మ తెచ్చిన గిలక బొమ్మ తీసుకొని మళ్లా తల్లి చాటుకే పోయింది. బిడ్డ ఒళ్లు చేసింది. నూనె పెట్టి దువ్విన జుట్టు, కాళ్లకు మువ్వలు. వంక పెట్టేదానికి ఏమీ లేదు.

తిరుగు బస్సు ఎక్కినారు. కల్యాణదుర్గం దాటినాక మబ్బు కమ్మి ధారగా వాన దిగింది. బస్సులో ఉన్న రైతులంతా ఒక్కసారిగా కేకలేసినారు. కిటికీ రేకులు ఎత్తి చేతులు బయటికి చాపినారు. "ఇంక ఇత్తనం ఏసుకోవచ్చప్పా," అని ముందు సీటాయన ఈశ్వరప్ప వైపు తిరిగి నవ్వినాడు. ఈశ్వరప్పా నవ్వబోయి, భార్యను చూసి ఆగిపోయినాడు.

నాగలక్ష్మమ్మ తన పక్క కిటికీ రేకు దించేసింది.

"ఈ వాన పోయినేడు పడింటే," అంది, "పాప మనకాడే ఉండేది గదయ్యా."

ఈశ్వరప్ప ఆమె చేయి తీసుకొని తన ఒళ్లో పెట్టుకున్నాడు. కదిరి వచ్చేదాకా ఇడవలేదు.