టచ్చుకి ఎంత పడింది

నేను ఒక లెక్కమిషన్ని. గుప్పిట్లో ఇమిడిపోయే గుండ్రటి ఉక్కు డబ్బాని. నెత్తిన ఒక మీట, ముందు నాలుగు అంకెల కిటికీ, పక్కన చెవిలాంటి మర. మీట నొక్కితే అంకె ఒకటి పెరుగుతుంది. మర తిప్పితే అన్నీ సున్నాలవుతాయి. నాకు వచ్చిన విద్య ఇంతే. కూడిక తప్ప ఏమీ రాని నన్ను నమ్ముకుని మనుషులు ఎంతెంత నిర్ణయాలు తీసుకున్నారో చూస్తే మొదట్లో నాకే భయం వేసేది. తర్వాత అలవాటైపోయింది.

పుట్టింది ఢిల్లీ శివార్లలో ఒక రేకుల షెడ్డులో. అక్కడ ఒకావిడ మమ్మల్ని ఒక్కొక్కరినీ పదిసార్లు నొక్కి, పది చూపిస్తే పెట్టెలోనూ తొమ్మిది చూపిస్తే బుట్టలోనూ వేసేది. నేను పది చూపించాను. నా నిజాయితీకి అదే సర్టిఫికెట్టు.

మొదటి కొలువు గోదావరి ఒడ్డున ఇసుక ర్యాంపులో. లారీ వెళ్ళిందంటే ఒక నొక్కు. నన్ను పట్టుకున్న గుమాస్తా రెండు లారీలకి ఒకసారి నొక్కేవాడు. పైఆఫీసరు వచ్చిన రోజు మాత్రం బుద్ధిగా లారీకొకసారి నొక్కేవాడు. నిజాయితీ నాదే కానీ బొటనవేలు అతనిది. ఆ ర్యాంపు మూతబడ్డాక కాకినాడలో పాత సామాన్ల కొట్టులో కొన్నాళ్ళు దుమ్ము తిని, ఉప్పాడ దగ్గర ఒక రొయ్యపిల్లల హేచరీకి చేరాను.

అక్కడ నాకు తగిన మనిషి దొరికింది. పేరు వీరవేణి. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. తెల్ల బేసిన్లో వెంట్రుక ముక్కల్లా ఈదే రొయ్యపిల్లల్ని గరిటెతో తోడుతూ, పదికి ఒకసారి నన్ను నొక్కేది. కొనడానికొచ్చిన రైతులు ఎవరి లెక్కనైనా మళ్ళీ పెట్టించేవారు కానీ ఆమె లెక్కని కాదు. "వేణి చెప్పిందా? అయితే సంచులు కట్టేయండి" అనేవారు.

హేచరీ యజమాని పెనుమత్స రంగపతిరాజుగారు. భీమవరం చుట్టుపక్కల నాలుగు వందల ఎకరాల చెరువులున్నాయి. ఆయన లోకాన్ని కౌంటుతో కొలిచేవారు. రొయ్యల వ్యాపారంలో కౌంటు అంటే కిలోకి ఎన్ని తూగుతాయన్న అంకె. ముప్పై కౌంటుకి ఒక ధర, వంద కౌంటుకి ఒక ధర. అంతకుమించి తెలుసుకోవలసింది భూమ్మీద ఏమీ లేదని ఆయన నమ్మకం. ఒక ఏడాది పంట బాగా కలిసొచ్చి, ఏం చేయాలో తోచక, ఎనిమిది టీములతో దేశమంతా ఆడే హాకీ లీగులో ఒక టీము కొనేశారు. దానికి డెల్టా టైగర్స్ అని పేరు పెట్టారు. జనం పులి అనుకున్నారు. జెర్సీ మీద కూడా పులి బొమ్మే వేశారు. రాజుగారి మనసులో ఉన్నది మాత్రం టైగర్ రొయ్య.

వేలంలో ఆటగాళ్ళని కొనేటప్పుడు ఆయన ఎక్కువ ఆలోచించలేదు. జస్కరణ్ అనే పంజాబీ ఫార్వర్డుని అరవై రెండు లక్షలకి పాడారు, జుట్టు బాగుందని. ఎబినేజర్ అనే ముప్పైనాలుగేళ్ళ డిఫెండర్ని ఇరవై నాలుగు లక్షలకి కొన్నారు. అతను సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాడు, మన రాష్ట్రం కాకపోయినా మన భాషవాడని. సరుకు ఇంటికొచ్చాకే ఆయనకి అనుమానం పట్టుకుంది. పెట్టిన డబ్బుకి తగినవాళ్ళేనా వీళ్ళు? కోచ్‌ని అడిగితే "ఆట చూస్తూ ఉండండి సార్, తెలుస్తుంది" అన్నాడు. రాజుగారికి ఒళ్ళు మండింది. చూసి తెలుసుకునేదానికి జీతాలెందుకు? అప్పుడు హేచరీకి కబురుపెట్టారు.

విశాఖలో టీము ఆఫీసుకి నన్ను కొంగున ముడేసుకుని వచ్చింది వీరవేణి.

"ఏవమ్మా వేణీ, హాకీ ఎప్పుడైనా చూశావా?" అని అడిగారు రాజుగారు.

"లేదండి."

"మంచిది. చూసినోళ్ళందరూ నాకు కథలు చెబుతున్నారు. నువ్వు లెక్క చెప్పు. బంతి కర్రకి తగిలిందా, ఒకటి నొక్కు. ఎవడికి ఎన్ని తగిలాయో నాకు రాసివ్వు."

"ఊరికే తగిలినా లెక్కేనాండి?"

"తగిలితే లెక్కే."

మైదానం పక్కన స్తంభానికి కట్టిన కెమెరా ఆటంతా తీసేది. ఆ వీడియో పెట్టుకుని వీరవేణి ఒక్కో ఆటగాడికి ఒక్కోసారి మొత్తం మ్యాచ్ చూసేది. అంటే ఒక మ్యాచ్ పదకొండుసార్లు. ఒక్కో మనిషి మీదే కన్ను వేసి గంటసేపు కూర్చునేది. టిక్కు టిక్కుమని నేను.

అయిదు మ్యాచ్‌లయ్యాక కాగితం తయారైంది. రాజుగారు కాంట్రాక్టు డబ్బుని టచ్చులతో భాగించారు. జస్కరణ్‌వి మూడు వందల పది, టచ్చు ఇరవై వేలు పడింది. గోల్‌కీపర్‌ది పదిహేను లక్షల కాంట్రాక్టు, యాభై టచ్చులు, ఒక్కోటి ముప్పై వేలు. ఎబినేజర్‌వి అరవై, ఒక్కోటి నలభై వేలు. ఎర్రసిరాతో ఎబినేజర్ పేరు చుట్టూ సున్నా చుట్టారు రాజుగారు.

"ఇంత ఖరీదైన రొయ్య మా తాతల కాలంలో కూడా లేదు" అని, అతన్ని ఆరో మ్యాచ్ నుంచి బెంచీ మీద కూర్చోబెట్టారు. కోచ్ రెండు నిమిషాలు వాదించి, తన కాంట్రాక్టు గుర్తొచ్చి ఊరుకున్నాడు.

ఆ తర్వాత జరిగింది నా బతుకులో చూడని విచిత్రం. ఎబినేజర్ లేకపోయేసరికి అవతలివాళ్ళు గుంపులు గుంపులుగా మన గోలు మీదికి వచ్చిపడ్డారు. గోల్‌కీపర్ కాళ్ళూ చేతులూ కర్రా అన్నీ అడ్డం పెట్టి ఆపగలిగినన్ని ఆపాడు. అయిదు మ్యాచ్‌లలో నూట యాభై టచ్చులు. టచ్చు ముప్పై వేల నుంచి పదివేలకి దిగిపోయింది. రాజుగారు అతనికి శాలువా కప్పారు. ఆ అయిదు మ్యాచ్‌లూ ఓడిపోయాం.

లెక్క సంగతి ఆటగాళ్ళ చెవిన కూడా పడింది. జస్కరణ్ బంతి దొరికితే దాన్ని వదలకుండా, వంటింట్లో కోడిగుడ్డు గిలక్కొట్టినట్టు టకటక తడుతూ నిలబడేవాడు. మధ్యలో ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు ఒకరికొకరు బంతి అందించుకుంటూ పదిహేను నిమిషాల క్వార్టరంతా గడిపేసేవారు. నా మీట అరిగిపోయింది. "టీము పనితనం రెట్టింపయింది" అని రాజుగారు పత్రికలవాళ్ళకి చెప్పారు. ఆరోజు సున్నా అయిదుతో ఓడాం.

వీరవేణికి మాత్రం మనసు కుదురుగా లేదు. ఆమె లెక్క తప్పు కాదు. కానీ ఎబినేజర్ మీద కన్ను వేసి గంటల తరబడి కూర్చున్న మనిషి కాబట్టి, కాగితం మీదికి రానిదేదో ఆమె చూసింది. అతనికి బదులు ఆడుతున్నవాడికి కాలు బెణికి, పదకొండో మ్యాచ్‌లో ఎబినేజర్‌ని గతిలేక దింపారు. ఆరోజు వీడియో ఆమె రెండుసార్లు చూసింది. మొదటిసారి బంతి తగిలినప్పుడు నొక్కింది. పదకొండు. మర తిప్పి, మళ్ళీ మొదటినుంచి పెట్టి, రెండోసారి వేరే లెక్క మొదలుపెట్టింది. ఏం లెక్కో నాకూ తెలియలేదు. బంతి అతని దగ్గరికే రాలేదు, అయినా నొక్కుతోంది. చివరికి నా కిటికీలో నలభై మూడు కనిపించింది. ఆరోజు మనం ఒకటి సున్నాతో గెలిచాం.

ఆ రెండో కాగితం పట్టుకుని రాజుగారి దగ్గరికి వెళ్ళింది.

"ఏంటిది? వెనక్కి తిరిగినవాళ్ళు నలభై మూడా?"

"అవునండి. బంతి పట్టుకుని ఇతని వైపు వచ్చి, ఇతన్ని చూసి వెనక్కి మళ్ళిపోయినోళ్ళు."

"తగల్లేదుగా."

"తగల్లేదండి."

"తగలందానికి లెక్కేంటమ్మా?"

వీరవేణి నెమ్మదిగా అడిగింది. "మన చెరువుల మీద పిట్టల్ని తోలే అప్పన్న ఉన్నాడు కదండి. ఏడాదికి ఎన్ని పిట్టల్ని పట్టాడని జీతం ఇస్తన్నారు?"

"వాడు పట్టడవేంటి? వాడుంటే అవి వాలవు."

"మరేనండి."

రాజుగారు ఆ కాగితం వైపు చాలాసేపు చూశారు. ఆయన తెలివితక్కువవాడు కాదు. వ్యాపారి. అర్థమైంది. మడిచి సొరుగులో పెట్టుకున్నారు. ఇక ఎబినేజర్ కష్టాలు తీరాయనుకున్నాను. మనుషుల గురించి నాకింకా ఏమీ తెలియదని వారం తిరక్కుండానే తేలింది.

సీజను ముగిసి కాంట్రాక్టులు తిరగరాసే రోజు. లెక్కకి సాక్ష్యంగా రాజుగారు వీరవేణిని కూడా పిలిపించారు. ఎబినేజర్ వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. మోకాలికి పట్టీ ఉంది. ముప్పైఅయిదు రాబోతున్నాయి, ఇక్కడ కాదంటే ఇంకెక్కడా ఆట ఉండదని అతనికి తెలుసు. రాజుగారు సొరుగు తెరిచి కాగితం తీశారు. మొదటిది. ఎర్రసిరా సున్నా ఉన్నది.

"చూడు బాబూ, నీ టచ్చు నలభై వేలు పడింది మాకు. ఇంతకుముందు ఇచ్చింది ఎటూ పోయింది. ఈసారి పన్నెండు లక్షలైతే సంతకం పెట్టు. లెక్క నాది కాదు, వేణిది. ఆవిడ లెక్క తప్పదు. కాదంటే నువ్వే అడుగు."

విలువ తెలియక తక్కువ ఇచ్చేవాళ్ళని పాత సామాన్ల కొట్టులో చూశాను. తెలిసి, తెలియనట్టు కాగితం చూపించేవాళ్ళని ఆ గదిలోనే మొదటిసారి చూశాను. ఎబినేజర్ వీరవేణి వైపు ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా కలం అందుకున్నాడు.

వీరవేణి గుప్పిట్లో ఉన్నాను నేను. ఆ బొటనవేలు నా మీట మీదనుంచి లేచింది.

"రాజుగారూ, ఆ అంకె నాదేనండి. తప్పులేదు. రెండో కాయితం కూడా నాదేనండి. అదీ చూపించండి."

రాజుగారు ఆమె వైపు తిరిగారు.

"నువ్వు ఎవరి జీతం తింటున్నావమ్మా?"

"మీదేనండి. సంచిలో పిల్లలు తక్కువుంటే తక్కువుందని రైతు ముందే చెప్పేదాన్ని, మీరు ఒక్కనాడు కాదన్లేదు. అందుకే కదండి నన్ను తెచ్చుకుంది."

రాజుగారు తెరిచిన సొరుగులో చెయ్యి పెట్టలేదు. కానీ మూయనూ లేదు. వీరవేణి తనే వంగి ఆ రెండో కాగితం తీసి ఎబినేజర్ ముందు పెట్టింది.

"ఇదేందక్కా?" అన్నాడు అతను.

ఆమె చెప్పింది. అతను విన్నాడు. కలం బల్ల మీద పెట్టి, ఆ నలభై మూడు మీద వేలు ఆనించాడు.

"పద్దెనిమిదేండ్ల సంది ఆడుతున్న అక్కా. గోలు వడితే నా పేరు జెప్పిన్రు. వడకుంటే ఎవ్వల పేరు జెప్పలే. ఇది గూడ లెక్కల కొస్తదని నాకే ఎర్కలే." తర్వాత రాజుగారి వైపు తిరిగి మెత్తగానే అన్నాడు. "ముప్పై ఇయ్యుండ్రి సార్."

అరగంట బేరం తర్వాత ఇరవై ఆరు దగ్గర తెగింది. ఏడాదికి సంతకాలయ్యాయి. ఎబినేజర్ వెళ్ళాక రాజుగారు వీరవేణి వైపు చూడకుండా, "రేపటినుంచి హేచరీకి వెళ్ళిపో. ఆ మిషన్ ఇక్కడ పెట్టి వెళ్ళు" అన్నారు.

"అలాగేనండి" అని నన్ను బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ నడకలో బాధేమీ కనిపించలేదు. ఏమాటకామాట, నాకే బెంగగా అనిపించింది.

మరుసటి సీజనుకి మనుషుల లెక్క వద్దనుకుని రాజుగారు తొమ్మిది కెమెరాలూ ఒక కంప్యూటరూ తెప్పించారు. ఎబినేజర్ కాంట్రాక్టు కన్నా వాటి ఖరీదే ఎక్కువ. ఆ కంప్యూటరు ప్రతి మ్యాచ్‌కీ అరవై పేజీల రిపోర్టు కక్కేది. ఎవరు ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తారో, ఎవరి గుండె ఎంత వేగంగా కొట్టుకుందో అన్నీ అందులో ఉండేవి. అన్నిటికన్నా తక్కువ పరుగెత్తింది ఎబినేజర్. దండగ కాంట్రాక్టుల జాబితాలో పైన అతని పేరే. పాయింట్ల పట్టికలో టీము మాత్రం మూడో స్థానంలో ఉంది. ఎలా ఉందో అరవై పేజీల్లో ఎక్కడా లేదు.

ఒకరోజు మ్యాచ్‌కి ముందు రాజుగారు హేచరీకి ఫోను చేశారు. "వేణీ, ఒకసారి రా అమ్మా."

"రాలేనండి. పిల్లలు సంచులకెక్కే టైమండి. మీరే ఒక్క ఆట కూర్చుని చూడండి. బంతిని కాదండి, అతన్ని."

రాజుగారు ఫోను పెట్టేసి, నన్ను జేబులో వేసుకుని స్టేడియం పైనున్న తన అద్దాల గదిలోంచి కిందికి దిగారు. మామూలు జనంతోపాటు సిమెంటు మెట్టు మీద కూర్చున్నారు. టీము కొన్నాక ఆయన ఆట నిజంగా చూడటం అదే మొదటిసారి. అవతలి ఫార్వర్డు బంతితో దూసుకొచ్చేవాడు. ఎబినేజర్ పరుగెత్తేవాడు కాదు. రెండడుగులు ఎడమకి వేసి, కర్ర నేలకి ఆనించి నిలబడేవాడు. అంతే. వచ్చినవాడు వేగం తగ్గించి, అటూ ఇటూ చూసి, బంతిని వెనక్కి పంపేసేవాడు. రాజుగారి చెయ్యి జేబులో నా మీద పడింది. నొక్కుతారనుకున్నాను. నొక్కలేదు. రెండో క్వార్టరుకి ముందుకి వంగారు. మూడో క్వార్టరుకి పక్కనున్న పెద్దమనిషి మోచెయ్యి పట్టుకుని, "బంతి చూడకండి, అదుగో అతన్ని చూడండి" అంటున్నారు. ఆయన విసుక్కుని, "ఎవరినండీ? అతనేం చేయట్లేదుగా" అని జరిగి కూర్చున్నాడు.

ఆట అయ్యాక రాజుగారు మెట్లు దిగి, ఎబినేజర్‌కి చెయ్యిచ్చి, పొద్దున్నే ఆఫీసుకి రమ్మన్నారు. ఆ సాయంత్రం ఆయన చొక్కాతోపాటు నన్నూ ఎవరో వాషింగ్ మెషీన్లో వేసేశారు. నలభై నిమిషాల స్నానంలో నా స్ప్రింగు తెగింది, అంకెలు ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి.

ఇప్పుడు హేచరీ వెనక షెడ్డులో, తుప్పుపట్టిన మోటార్ల మధ్య ఉన్నాను. వీరవేణికి కొత్తది ప్లాస్టిక్‌ది ఇచ్చారు. ఎబినేజర్ మూడో ఏడాదికి ఎంతకి సంతకం పెట్టాడో నాకు తెలియదు, అప్పటికే నేను నీళ్ళపాలయ్యాను. సంచులు ఎక్కించుకోవడానికి వచ్చే వ్యాను డ్రైవర్లు షెడ్డు ముందు టీ తాగుతూ తలో అంకె చెబుతున్నారు. ఒకరు ముప్పై లక్షలంటారు, ఒకరు నలభై అంటారు. అంత ఇవ్వొచ్చని సగంమంది, శుద్ధ దండగని సగంమంది. టీ చల్లారిపోయేదాకా వాదించుకుంటారు. వాళ్ళలో ఒక్కరూ హాకీ చూసినవాళ్ళు లేరు.