మావి పాతిన చోటు

బిడ్డ పుట్టగానే మావిని పొయ్యి పక్కన పాతిపెట్టడం రష్యాలో పశువులు కాసుకు బతికే బుర్యాతు జాతివాళ్ల ఆచారం. ఆ బిడ్డ ఎన్ని దేశాలు తిరిగినా, కన్నుమూసేలోగా ఒక్కసారి వచ్చి ఆ నేల మీద దొర్లాలి. బజర్‌జప్‌కు డెబ్బై ఆరేళ్లు నిండాయి, ఆ ముచ్చట ఇంకా తీరలేదు.

అతను పుట్టిన ఏడే, రష్యాలో యుద్ధానికి జడిసి, వాళ్లవాళ్లు ఓనోన్ నది ఒడ్డు వదిలి చైనాలోని షినెహెన్ లోయకు పారిపోయారు. వెనకే సరిహద్దు మూసుకుపోయింది. ఆ లోయలోనే గొర్రెలు కాశాడు, పెళ్లి చేసుకున్నాడు, భార్యను కాటికి సాగనంపాడు. అయినా చుట్టపుచూపుగా వచ్చినవాడిలాగే బతికాడు. ఇంటికప్పు కారుతున్నా, ఇదేమన్నా నా నేలా అని దులిపేసుకునేవాడు.

ఇన్నాళ్లకు దారి తెరిచారు. అక్క దుల్మాను వెంటబెట్టుకుని ఓనోన్ ఒడ్డుకు వచ్చాడు. పారిపోయేనాటికి ఆమెకు తొమ్మిదేళ్లు. పాత విడిది ఎరిగిన మనిషి ఇక ఆమె ఒక్కతే.

దుల్మా గడ్డిలో అటూ ఇటూ తిరిగి, మూడు నల్లరాళ్ల దగ్గర ఆగింది.

"ఇదేనా అక్కా మన పొయ్యి?"

"ఇదే."

బజర్‌జప్ టోపీ తీశాడు, నడికట్టు విప్పాడు. మోకాళ్ల మీద కూర్చోబోతుంటే దుల్మా అతని చెయ్యి పట్టుకుంది.

"ఆగరా. నీది ఇక్కడ కాదు."

"మతి పోయిందా నీకు?"

"పారిపోతుంటే బండిలో పుట్టావు. గడ్డకట్టిన నేల తవ్వలేక, అమ్మ నీ మావిని గొర్రెతోలులో చుట్టి తెచ్చింది. షినెహెన్‌లో మొదటి పొయ్యి పక్కన పాతింది. నీకు తెలిస్తే ఓనోన్‌ను మరిచిపోతావని నాచేత ఒట్టు వేయించుకుంది."

"ఇన్నేళ్లూ నోరు కుట్టేసుకున్నావా? షినెహెన్‌లో ఎక్కడ?"

"దక్షిణం గుట్ట. నువ్వు దూడల్ని కట్టేసేచోట."

 నిరుడు బొగ్గు తవ్వేవాళ్లు ఆ గుట్ట రాసిమ్మని కాగితం తెస్తే, మనది కాని నేలకు ఇంత గొడవేమిటని అందరికంటే ముందు వేలిముద్ర వేసింది బజర్‌జపే. ఇప్పుడక్కడ లారీలు దిగే గొయ్యి ఉంది.

"ఆ రోజన్నా అడ్డుపడకపోయావా అక్కా?"

"నేను కూతురింట్లో ఉన్నాను కదరా. వచ్చేసరికే గుట్ట సగం లేదు." దుల్మా కళ్లు తుడుచుకుంది. "పోనీ ఇక్కడే దొర్లు. ఎవరు చూడొచ్చారు."

అతను నడికట్టు మళ్లీ బిగించుకున్నాడు. ఆ రాళ్ల వైపు తిరిగాడు.

"నీ మావి ఇక్కడిదేగా?"

 తమ్ముడి గోడులో పడి దుల్మాకు తన సంగతే తట్టలేదు.

బజర్‌జప్ అక్కను రెండు చేతులతో పొదివి పట్టుకుని, మెల్లగా నేల మీద పడుకోబెట్టాడు. ఆమె దొర్లుతున్నంతసేపూ టోపీ చేత్తో పట్టుకుని పక్కకు తప్పుకుని నిలబడ్డాడు.